శనివారం చచ్చే చేపలు

టికెట్ తీయకుండా దిగిపోవాలనుకునే మనిషి మెడను బట్టి తెలిసిపోతాడని బర్కతుల్లా అంటాడు. కిటికీ వైపు తిప్పిన మెడ కాస్త బిగుసుకుంటుందట. ఉదయగిరి, ఆత్మకూరు మధ్య ఇరవై ఆరేళ్లు కండక్టరుగా తిరిగినవాడు కాబట్టి కాదనేవాళ్లు లేరు. రిటైరయ్యాక బస్సు పోయింది గానీ చూపు పోలేదు. పాలవాడి చెంబు, కూరగాయల తూకం, చుట్టం చెప్పకుండా ఎందుకు వచ్చాడన్న సంగతి, అన్నీ ఆ చూపు కిందికి రావలసిందే.

ఆయనకు చేపల పిచ్చి పట్టించింది ఆత్మకూరులో రంగుచేపలమ్మే డేవిడ్‌రాజు. ఆఫ్రికా సరస్సులో పుట్టిన సిక్లిడ్‌లని చెప్పి మూడు రకాలు అంటగట్టాడు. నిమ్మపండు రంగువి ఎనిమిది, నీలాలు ఏడు, నల్లచారలవి మూడు.

"ఇవి ఊరికే ఉండే రకం కాదు భాయ్. పొడుచుకుంటాయి. రాళ్లు బాగా పేర్చి సందులు చెయ్యి. ఎవుడి సందు వాడికుంటే ఒక తొట్లోనే మూడు జాతులూ బతుకుతాయి" అన్నాడు డేవిడ్‌రాజు.

"మా వాడి పెండ్లప్పుడు గూడా ఇన్ని జాగ్రత్తలు ఎవురూ చెప్పలేదయ్యా" అన్నాడు బర్కతుల్లా.

హాల్లో కిటికీ పక్కన నాలుగడుగుల తొట్టి పెట్టాడు. ఉదయగిరి కొండ కింద నుంచి నల్లరాళ్లు ఏరి తెచ్చుకున్నాడు. చారల చేపల్లో పెద్దది తొట్టంతా తిరిగి అందర్నీ గదమాయిస్తుంటే దానికి 'చెకింగ్' అని పేరు పెట్టాడు. ప్రతి శుక్రవారం పొద్దున ఇల్లు కడిగేటప్పుడు రాళ్లు కూడా బయటికి తీసి, కొబ్బరి పీచుతో తోమి, వారానికో తీరుగా పేర్చేవాడు. జుమ్మా నాటికి ఇంట్లో ఏదీ పాచిపట్టి ఉండకూడదన్నది ఆయన తల్లి నాటి పద్ధతి. నమాజు కాగానే బస్సెక్కి డేవిడ్‌రాజు కొట్టుకు పోయి, చీకటి పడ్డాక వచ్చేవాడు.

రెండో నెలలో చావులు మొదలయ్యాయి. తోక చీలికలై, ఒళ్లంతా గాట్లతో ఒక నీలం చేప తేలింది. తర్వాత ఒక పసుపుది, మళ్లీ నీలం. నాలుగోది తేలిన రోజు గోడ మీద క్యాలెండరులో గుర్తులు పెట్టుకుని చూస్తే నాలుగూ శనివారాలే. బర్కతుల్లా మెడ నిటారుగా అయింది. చేపకు వారం, వర్జ్యం ఏం తెలుసు? ఇది మనిషి పని.

శుక్రవారం సాయంత్రం మేత వేసేది కోడలు సబీనా. కొడుకు ఇషాక్ లారీ మీద నెలకు ఇరవై రోజులు బయటే ఉంటాడు. సబీనా ఎవరో కాదు, భార్య అమీనాబీకి స్వయానా తమ్ముడి కూతురు. పెళ్లయ్యాక కూడా మేనత్త మొగుణ్ణి ఫుప్పా అనే పిలుస్తుంది. ఆ పిల్ల వచ్చిన కొత్తలో, తొట్టి ఉన్నచోట వెలుతురు బాగుంటుంది, కుట్టుమిషను వేసుకుంటానని అడిగింది. ఒక్కసారే అడిగింది. ఆ ఒక్కసారి బర్కతుల్లాకు ఇప్పుడు గుర్తొచ్చింది.

వరండాలో పక్కింటి రామలక్ష్మమ్మ అమీనాబీతో మాట్లాడుతుండగానే అడిగేశాడు.

"శుక్రవారం నువ్వు మేతొక్కటే వేస్తావా, ఇంకేమన్నా చేస్తావా?"

"ఇంకేం చేస్తాను ఫుప్పా?"

"నేనేం అన్లేదు. అడిగినా అంతే. మిషనుకు చోటు కావాలన్నావు గదా అప్పట్లో."

సబీనా ఆయన ముఖంలోకి ఒకసారి చూసి లోపలికి పోయింది. మర్నాడు పొద్దున బస్సుకు ఆత్మకూరులో పుట్టింటికి వెళ్లిపోయింది. ఇషాక్ ఫోను చేసి తండ్రితో రెండే మాటలన్నాడు. "ఆమె రాకపోతే నేనూ ఆడే ఇల్లు తీసుకుంటాను నాయనా. మీరు చేపలు పెంచుకోండి."

బర్కతుల్లా తగ్గలేదు. ఆ శుక్రవారం రాళ్లు తోమి పేర్చాడు, నమాజుకు పోయాడు, ఆత్మకూరు పోయి బావమరిది వీధి తప్పించి తిరిగి వచ్చాడు. శనివారం పొద్దున మరో పసుపు చేప వెల్లకిలా తేలింది.

ఆయన అమీనాబీ వైపు తిరిగాడు. ఆమె బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు.

"ఇప్పుడు నన్ను అడుగుతారా?"

"ఇంట్లో మిగిలింది నువ్వేగా."

"మీరు గూడా మిగిలినారు గదా" అంది అమీనాబీ.

ఆ మాట వారమంతా ఆయన చెవిలో తిరిగింది. తర్వాతి శుక్రవారం ఆత్మకూరు పోలేదు. నమాజు నుంచి వచ్చి తొట్టి ముందు కుర్చీ వేసుకుని, టికెట్ లేనివాణ్ణి చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు.

చెకింగ్ మూలనున్న తన సందు కోసం పోయింది. అక్కడ సందు లేదు. పొద్దున బర్కతుల్లా ఆ రాతిని మధ్యకు జరిపాడు. అది తొట్టంతా వెతికి, ఒక నీలం అప్పుడే దూరిన సందులోకి జొరబడింది. నీలం బయటపడి పసుపుదాన్ని తరిమింది. పసుపుది దాక్కోబోయిన ప్రతి చోటా ఎవరో ఒకరున్నారు. గంట తిరక్కుండానే దాని తోక రెండుగా చీలింది.

ఆయనకు ఆత్మకూరు బస్టాండు కనిపించింది. కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకున్నవాడు ఎక్కి వచ్చేసరికి, ఆ తువ్వాలు ఇంకో సీట్లో ఉంటే ఎంత రచ్చవుతుందో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇక్కడ వారం వారం అందరి తువ్వాళ్లూ తీసి కలిపేస్తున్నది తానే. శుభ్రం పేరుతో.

మర్నాడు ఆత్మకూరు పోయాడు. బావమరిది జబీవుల్లా మర్యాదగా కుర్చీ వేశాడు, మర్యాదగా టీ ఇప్పించాడు. ఆ మర్యాద చూసి బర్కతుల్లాకు భయం వేసింది. సబీనా మిషను ఆపలేదు.

"తప్పు నాదేనమ్మా. రాళ్లు కదిలించి పోట్లాట పెట్టింది నేనే. నీ మీద అనుమానం లేదు."

"నాకు చెప్తే ఏం లాభం ఫుప్పా? నేను చంపలేదని నాకు ముందే తెలుసు" అంది సబీనా దారం తెంపుతూ. "మీరడిగింది రామలక్ష్మమ్మ ముందర. ఆమె ఈపాటికి వీధంతా చెప్పుంటాది. ఇది గూడా ఆమె ముందరే చెప్పాల. అప్పుడొస్తాను."

సాయంత్రం బర్కతుల్లా రామలక్ష్మమ్మ గడపలో నిలబడ్డాడు. ఆమె చెనక్కాయలు వలుస్తోంది. మొత్తం విని, ఒక గింజ నోట్లో వేసుకుంది.

"అంటే చేపల్ని చంపింది నువ్వు, ఇంట్లోంచి పోయింది ఆ పిల్ల. ఇరవై ఆరేండ్లు ఇట్టనే టికెట్లు కొట్టినావా కండక్టరూ?"

ఆ మాట రాత్రికే వీధి దాటింది. సోమవారం సబీనా వచ్చింది.

ఇప్పుడు రాళ్లు పెట్టినచోటే ఉన్నాయి, పాచి పట్టి ఉన్నాయి. మూడు జాతులూ గుర్రుమంటూనే బతుకుతున్నాయి. శుక్రవారం ఆత్మకూరు పోవలసివస్తే ఆ పూట చేపలకు పస్తే. ఒక పూట పస్తుకు చేప చావదని డేవిడ్‌రాజు చెప్పాడు. నిజానికి సబీనా రోజుకు పదిసార్లు ఆ తొట్టి పక్కనుంచే నడుస్తుంది. మేత వేయమని ఆమెను అడగడానికి బర్కతుల్లాకు ఇంకా నోరు రాలేదు. ఆమె వేస్తానని అనలేదు.