జేజి పుట్టింటి వరహా

రాగి చెంబును చింతపండుతో తోమిన రోజు వేళ్లకు పట్టే వాసన సబ్బుతో కడిగినా ఒక పట్టాన పోదు. అది ముక్కుకు తగిలితే చాలు, ఈ వయసులోనూ నేను గండికోట దగ్గరి మా ఊరి అరుగు మీద, మా నాయన తండ్రి అయిన జేజినాయన పక్కన చతికిలబడతాను.

తొలకరి వానలకు నల్లరేగడి కోసుకుపోయాక చేలల్లో రాయల కాలపు బంగారు వరహాలు ఒకటీ అరా బయటపడేవి. దొరికినవాళ్లూ, దొరికాయని చెప్పి అంటగట్టేవాళ్లూ మా అరుగెక్కేవాళ్లే. జేజినాయన వేయించిన శెనక్కాయలు నములుతూ నాణేన్ని గురిగింజలతో తూచి, బండ మీద జారవిడిచి మోత విని, అంచు చుట్టూ చూసేవాడు. అచ్చు కొట్టిన వరహాకు అంచున అతుకుండదు. రాగిని మూసలో పోసి బంగారు పూత పూసిన దొంగదానికి వెంట్రుకంత గీత ఉంటుంది, పాతదిగా కనబడాలని పేడదిబ్బలో ఎన్నాళ్లు పూడ్చినా అది చెరగదు. ఆయన చూపు మందగించాక ఆ గీత వెతికే పని నాకొచ్చింది. తొమ్మిదేళ్లకే ఏం పెద్దరికమని అమ్మ మూతి విరిచేది. నేను ఉగాదికి చేసిన ఓళిగ కొరుకుతూ ఇంకా బిగుసుకు కూర్చునేదాన్ని.

ఒక ఎండాకాలం ఆయన కళ్లలో పొర ముదిరింది. దూరాన ఆసుపత్రిలో తీస్తారట, ఆలస్యమైతే లాభం లేదట. రెండేళ్లుగా వానల్లేవు, అమ్ముకోవడానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు. అప్పుడు ఆయన భార్య, మా జేజి, కొర్రల కుండలోంచి తన వరహా తీసింది. పెళ్లినాడు వాళ్లమ్మ కొంగున కట్టి పంపింది. భార్య పుట్టింటి సొమ్మును మొగుడు పరీక్షించడమంటే ఆ పుట్టింటినే అనుమానించడమని మా ఇళ్లలో అనుకునేవారు. అందుకే ఊరందరి వరహాలూ చూసిన జేజినాయన నలభై ఏళ్లలో దాన్ని ఒక్కసారీ బండ మీద వేయలేదు.

కొనడానికి కడప నుంచి నాణేల సాయిబు వచ్చాడు.

"పెద్దాయనా, మంచిదని మీరొక మాటంటే సాలు, దుడ్డిచ్చి పోతా."

జేజినాయన వరహాను నా చేతిలో పెట్టాడు. "సూడు పాపా, ఎట్లుండాది?"

తలుపు వారగా జేజి నిలబడి ఉంది. అంచు తిప్పాను. గీత ఉంది. ఆయన కళ్లు నా నోటి మాట మీద ఆధారపడి ఉన్నాయని తెలుసు, ఆయన మాట తప్పయితే ఇన్నేళ్ల నమ్మకం పోతుందనీ తెలుసు.

"బాగుండాది జేజినాయనా, శానా బాగుండాది."

ఏ నాణేన్నీ నేను అట్లా పొగిడి ఎరగను, అది ఆయనకూ తెలుసు. ఆయన బండ వైపు చెయ్యి కూడా చాచలేదు. "అమ్మేది లేదప్పా. ఇంటిదాని పుట్టింటిది, మనసొప్పల్యా" అన్నాడు.

"నేనే అమ్మమంటాండా గదా!" జేజి గుమ్మం దాటి వచ్చి అరిచింది. సాయిబు సలాం చేసి వెళ్లిపోయాడు.

ఆ దీపావళికి ఆయనకు దీపం వెలుగు కూడా తెలియలేదు. "నా వరహా అమ్మింటే నీ కండ్లు వచ్చిండేవి, మొండోడా" అని తిడుతూనే జేజి రోజూ ఆయనకు సంగటి ముద్ద చేతికందించేది. ఆయన తల వంచుకుని తినేవాడు. పక్కనే నేనూ తినేదాన్ని. ఎవరికి ఏం చెప్పగలను?

ఇప్పుడు ఆ అరుగు లేదు, మోత విని నాణెం మంచిచెడ్డలు చెప్పేవాళ్లూ లేరు. గండికోట చూడ్డానికి బస్సుల్లో జనం వచ్చిపోతున్నారు. వరహా నా పెట్టెలో ఉంది. మొన్న మనవరాలు దాన్ని వెలుతురుకు పట్టి, "నిజం బంగారమేనా అవ్వా?" అని అడిగింది. జేజి పోయి అరవై ఏళ్లు కావస్తోంది. అయినా కాదనడానికి నాకు నోరు రాలేదు.