మా మేనత్త తోటింట్లో ఉన్న నాలుగు నెలలు

మా మేనత్త జోహరాబీ ఘోషా మనిషి. బురఖా లేకుండా వీధి గడప దాటేది కాదు. అయినా ఊళ్లో కబుర్లన్నీ అందరికన్నా ముందు ఆమెకే తెలిసేవి. అనకాపల్లిలో మా సందు అలాంటిది. ఏడు ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. పెరటి గోడలన్నిటికీ మనిషి వంగి దూరేంత తలుపులుండేవి. అత్త పొయ్యి మీద అన్నం పెట్టి, ఆ తలుపుల్లోంచి ఏడో ఇంటిదాకా వెళ్లి, ఇంత కారం అడిగి తెచ్చుకుని, అన్నం మాడకముందే వచ్చేసేది. మాడిన రోజులూ ఉన్నాయనుకోండి.

మామయ్య ఇమామ్‌కి మాత్రం ఆ సందంటే ఒళ్లు మంట. ఆయన బెల్లం వండే ఇనప పెనాలకు మాట్లు వేసేవాడు. గుమ్మం ముందు పెనం పెడితే మనిషి నడవడానికి దారుండదు. సుత్తి మోత మొదలైతే చాలు, పసిపిల్ల లేచిందని గోడ అవతలినుంచి ఎవరో ఒకరు తిట్టేవారు.

నలభై రెండులో విశాఖపట్నం మీద బాంబులు పడ్డాక ఇరుకు సందుల్లో ఉండడానికి జనం భయపడ్డారు. మామయ్యకు ఇదే అదను దొరికింది. కె. కోటపాడు దారిలో చెరకు వేసే సన్యాసిరావు ఆయన స్నేహితుడు.

"మా తోటలో ఇల్లు కాళీగానే ఉంది బావా. వచ్చీ. పెనాలు ఎన్ని పరుసుకున్నా నిన్నడిగేవోడు లేడు" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ ఇల్లు బాగుండేది. వాళ్లు అక్కడికి మారాక చూడ్డానికి వెళ్లినప్పుడు నాకే తిరిగి రాబుద్ధి కాలేదు. మామయ్య జామచెట్టు కింద పెనం బోర్లించుకుని, ఎవరిచేతా తిట్టించుకోకుండా రోజంతా సుత్తి మోగించేవాడు. నాలుగు నెలల్లో ఆయనకు బట్టతల తప్ప అన్నీ బాగుపడ్డాయి. సందులో ఇల్లు అమ్మేస్తానని ఒక బియ్యం వర్తకుడితో మాటలు కూడా మొదలుపెట్టాడు.

అత్తకు అక్కడ తలుపు తీస్తే పొలమే. పొలం నిండా పనిచేసే మగవాళ్లు. సన్యాసిరావు ఇల్లు రెండు మళ్ల అవతల కనిపిస్తూనే ఉండేది. కానీ వెళ్లాలంటే బురఖా వేసుకోవాలి, మామయ్య వెంట రావాలి, అంతకుముందు ఆయన పని అవ్వాలి. అది అయ్యేసరికి పొద్దు గుంకేది. సన్యాసిరావు భార్య అప్పలకొండమ్మ వారానికోసారి వస్తే అత్త ఆమెను ఓ పట్టాన వదిలేది కాదు. అంత చోటుండి కూడా మా అత్త తిరిగింది వంటింటికీ వసారాకీ మధ్యనే.

శ్రావణంలో ఒక పెనం జారి మామయ్య పాదం మీద పడింది. పది రోజులు మంచం దిగొద్దన్నాడు వైద్యుడు. మొదటిరోజు మామయ్య హాయిగా పడుకున్నాడు. రెండో రోజు ఎవరైనా వచ్చారా అని నాలుగుసార్లు అడిగాడు. మూడో రోజు దారిన పోయే ఉప్పు బండివాణ్ణి కేకేసి కూర్చోబెట్టి, ఆ మొహమాటానికి అక్కర్లేని ఉప్పు రెండు కుంచాలు కొన్నాడు. వాడు వెళ్లిపోయాక మొహం వేలాడేశాడు.

"రోజల్లా మనిషి మొకం అవుపడదు. ఇలాగైతే ఎవరైనా ఎలా బతుకుతారు?" అన్నాడు.

"నేను బతికేను కదా. నాలుగు నెల్లు" అంది అత్త.

మామయ్య తెల్లబోయాడు. "మరి ఒక్కనాడూ సెప్పలేదేటి?"

"మీరు సుత్తి కొడతా పాటలు పాడుకుంటన్నారు. ఆ సందులో ఇరవయ్యేళ్లలో ఒక్కనాడు పాడలేదు మీరు. ఎలా సెప్పమంటారు?"

ఆ మాటకు ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయని అత్తే మాకు చెప్పింది, కొంచెం గర్వంగా.

కాలు మానగానే మామయ్య సన్యాసిరావు చేత బండి కట్టించి అత్తను సందులో దింపాడు. ఇల్లు అమ్మలేదు. తోటనూ వదల్లేదు. రోజూ పొద్దున్నే మూడు మైళ్లు నడిచి వెళ్లి పెనాలు అక్కడే కొట్టుకుని, సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. కాళ్ల నొప్పులని సణగని రోజు లేదు గాని, ఇల్లు మార్చే మాట మళ్లీ ఎత్తలేదు.