అంటు కింది చిగురు

మూడేళ్ల కిందటి మాట. మొయినాబాద్‌లో మా నర్సరీ. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ ఏడు మాత్రం పోతూ పోతూ ముడిమ్యాలలో వాగు పక్కనున్న యాదమ్మ గులాబీ తోటను మాడ్చి మరీ పోయింది. తెల్లారేసరికి ఆకుల మీద తెల్లటి మంచు పొర. ఎండెక్కాక మొగ్గలన్నీ నల్లబడ్డాయి. నేనిచ్చిన మొక్కలే కాబట్టి నాకే ఫోన్ చేసింది.

తోట కౌలుది. భూమి యజమాని చేవెళ్లలో కిరాణా దుకాణం నడిపే సేటు. "ఎండిన తోట నాకెందుకు? ట్రాక్టర్ పెట్టి దున్నిస్త" అనేశాడట. దున్నితే యాదమ్మ మళ్లీ కూలికి పోవాల్సిందే.

నేను వెళ్లి కొమ్మను గోటితో గీకాను. బెరడు కింద పచ్చగా ఉంది.

"బతికే ఉన్నది యాదమ్మా. కత్తెర ముట్టకు, యూరియా సల్లకు. చిగురొస్తెనే ఎండింది ఎక్కడిదాకనో తెలుస్తది" అన్నాను. ఆమె సేటును బతిమాలి ఉగాది దాకా గడువు తీసుకుంది.

రెండు వారాలకు మళ్లీ ఫోన్. "తోటంత పచ్చగైంది అక్కా. సేటు గూడ చూసి మంచిగున్నదన్నడు."

సంబరంగా వెళ్లి, వంగి మొదళ్లు చూశాను. అవన్నీ సక్కర్లు. గులాబీని అడవి గులాబీ వేరు మీద అంటు కడతాం. ఆ వేరు మొక్కను రూట్‌స్టాక్ అంటాం. అంటు కింద నుంచి లేచే సక్కర్ ఏపుగా పెరిగి, పైన గులాబీకి అందాల్సిన బలమంతా తినేస్తుంది. మన పువ్వు మాత్రం పూయదు.

"మొత్తం పీకెయ్యాలె" అన్నాను.

"నీకేమన్న పిచ్చా అక్కా? గీ పచ్చదనం చూసే సేటు ఆగిండు. పీకినంక ఏం చూపియ్యాలె, కట్టెలా?"

"ఆకులు అమ్ముకుంటవా, పూలు అమ్ముకుంటవా?"

కాస్త కటువుగానే అన్నాను. యాదమ్మ గట్టు మీద కూర్చుని ఏడ్చింది. తర్వాత కొంగు నడుముకు దోపి, మొదటి మొక్క దగ్గర మట్టి తవ్వి, సక్కర్‌ను మొదలంటా లాగేసింది. కత్తిరిస్తే మళ్లీ లేస్తాయని చెప్పాను. ఇద్దరం కలిసి ఒక్కటీ మిగల్చలేదు.

సేటు వచ్చి మోడులు చూసి మండిపడ్డాడు.

"నేనే పీకిన సేటూ. అంటు కింద లేచినయి పూలు పుయ్యవు. ఉగాది దాక అన్నవు, మాట మీద ఉండు" అంది యాదమ్మ. అతను గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

పండగ దగ్గర పడుతుండగా అంటు పైన ఎర్రటి చిగుళ్లు పొడుచుకొచ్చాయి. అప్పుడు నల్లబడ్డ చివర్లు కోశాం. ఉగాదికి పువ్వు రాలేదు. సేటు వంగి, చిగురు అంటు పైదేనా అని యాదమ్మను రెండుసార్లు అడిగి, తోట ఉంచాడు.

చలికి మాడిన తోట చూపించి బతుకుతుందా అని ఇప్పుడెవరైనా అడిగితే, కొమ్మ గీకే ముందు వాళ్ల ముఖం చూస్తాను. ఏది పీకాలో నేను చెప్పగలను. తోటలో ఉన్న ఆ కాస్త పచ్చదనాన్నీ చేతులారా పీకే గుండె వాళ్లకే ఉండాలి.