రాజత్త కోసం లేచిన గోడ

మా చిన్నప్పుడు... షోలాపూర్‌లో మా నేతగాళ్ల పేటలో ఏ ఇంటికీ స్నానాల గది ఉండేది కాదు. వాకిట్లో ఓ మూల షాబాదు బండ, చుట్టూ కట్టిన పాత చీర... అంతే! ఆడవాళ్లు తెల్లారకముందే గబగబా నాలుగు చెంబులు పోసుకుని బయటపడేవాళ్లు.

రాజత్త నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. పదిహేనేళ్లుంటాయేమో. ఆమె స్నానం చేస్తున్నంతసేపూ చీర కొస పట్టుకుని నిలబడటం నా పని. ఏడేళ్ల పిల్లను... నాకు నిలకడ ఎక్కడిది!

ఓ ఎండాకాలం పొద్దున అత్త లేవడం ఆలస్యమైంది. ఆమె బండ మీద ఉండగానే నూలు మూటలతో ఇద్దరు మగవాళ్లు వాకిట్లోకి వచ్చారు. అప్పుడే సుడిగాలి లేచింది... కొస నా చేతిలోంచి జారింది. చీర మొత్తం ఊడి ఎగిరిపోయింది.

వాళ్లు చప్పున ముఖాలు తిప్పుకున్నారు. అత్త కేక పెట్టి ఇంట్లోకి పరుగెత్తింది.

తర్వాత మూడు రోజులు ఆమె స్నానానికి రాలేదు. వాకిట్లో అడుగుల చప్పుడైతే ఉలిక్కిపడేది. ఆమె ముఖం చూడలేక నేను ఇంట్లోకీ బయటికీ తిరుగుతూనే ఉన్నాను...

నాలుగోరోజు అమ్మ రాట్నం పక్కకు జరిపేసింది. "నీ చెల్లెకు గోడ లేసేదాంక నేను కండెలు చుట్ట" అంది నాన్నతో. అమ్మ నూలు కండెలు చుట్టి ఇవ్వకపోతే నాన్న మగ్గం నడవదు.

"ఆ మూలకు రెండో మగ్గం ఎయ్యాలని కట్టె గూడ తెచ్చి పెట్టిన. ఇప్పుడు గోడంటే ఎట్లనే?"

"మగ్గం ఎప్పుడన్న ఏస్కోవచ్చు. పిల్ల ఇయ్యాల తానమెట్ల చెయ్యాలె?"

"మేమందరం గట్లనే చెయ్యలేదా?" అంది నానమ్మ.

"చేసినవ్ అత్తా... భయపడుకుంట చేసినవ్" అంది అమ్మ.

నానమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి కండెలు అయిపోయి మగ్గం ఆగింది. నాన్న కూర్చుంటాడు, లేస్తాడు, ఆ మూలకు వెళ్లి చూసొస్తాడు... మళ్లీ కూర్చుంటాడు. చివరికి, "రేపు గవండీ వస్తడు" అన్నాడు అమ్మ వైపు చూడకుండా.

అన్నట్టే మేస్త్రీ వచ్చాడు. నల్లరాతి గోడలు లేచాయి, నీళ్లు పోవడానికి మోరీ తవ్వారు. తలుపుకు చెక్క లేకపోతే, మగ్గానికని తెచ్చిన కట్టెనే నాన్న కోయించాడు.

మొదట అత్తనే పంపారు. లోపలికి వెళ్లి గడియ పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.

"వదినె, ఊడదు గదా?"

"ఊడదు... నిమ్మళంగ పోస్కో."

కాగులో నీళ్లన్నీ ఆమే పోసుకుంది. తల తుడుచుకుంటూ బయటికి వచ్చి నా నెత్తిమీద చెయ్యి పెట్టింది... అన్ని రోజులూ ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది నాకు.

మొన్న మా మనవడు పాత బాత్రూమ్ పగలగొట్టించి కొత్త టైల్స్ వేయించాడు. ఏ రంగు వేయాలని ఇంట్లో వారం రోజులు వాదన! వింటూ కూర్చుంటే అమ్మ గుర్తొచ్చింది... ఒక్క తలుపు కోసం మగ్గాన్నే ఆపిన మనిషి.

మీ ఇంట్లో మొదటి స్నానాల గది ఎవరు పట్టుబడితే వచ్చింది? తెలిస్తే చెప్పండి... ఆమె పేరు కూడా రాయండి.