గోయింగ్ అనలేని మునిరత్నం

చెల్లెల్ని చూడడానికి విజయనగరం నుంచి పలమనేరు వెళుతున్నాను. మొగిలి ఘాట్‌లో మంచు కమ్మింది. బస్సు వెళుతోందో, కొండలే వెనక్కి జారుతున్నాయో తెలియడం లేదు. పక్క సీటులో మునిరత్నం అనే నడివయసు మనిషి ఫోనులో చూసి ఇంగ్లీషు వాక్యాలు గొణుక్కుంటున్నాడు. బెంగుళూరులో వాచ్‌మన్ పని, నాలుగు ముక్కలు ఇంగ్లీషు వస్తేనే ఇస్తారట.

"ఐ యామ్ గోయింగ్ అండ్ కమింగ్" అన్నాడు.

నాకు అక్షరాలు వచ్చిందే యాభై దాటాక. అయినా తప్పు తప్పే. "గోయింగ్ దగ్గర ఆపు నాయనా. ఫోనులో కమింగ్ లేదు" అన్నాను.

"తెలుసమ్మా, నోరు రాదు. పొద్దన పోతాండానని అనేసినాను. మాయమ్మ ఎనక్కి పిలిచి, కూసోబెట్టి, నీళ్లు తాపించి, పోయొస్తానని సెప్పించినాకనే వదిలింది. అంతలోకే మొదటి బస్సు ఎల్లిపోయింది."

"ఆలస్యమైందని పని ఇవ్వకపోతే?"

"అదే బయం." మళ్లీ ఫోనులో ఆ వాక్యం చూశాడు. "ఇంగ్లీషోళ్లు ఉత్త పోతానంటే ఇంట్లోవాళ్లు ఊరుకుంటారామ్మా?"

మా విజయనగరంలో మేమూ వెళ్లొస్తాననే అంటాం.

ఇంతలో ఫోను మోగింది. పని ఇచ్చేవాళ్లు. ఎక్కడున్నావని ఇంగ్లీషులో గద్దిస్తున్నారు. మునిరత్నం సీట్లోంచి లేచి నిలబడ్డాడు.

"ఐ యామ్ కమింగ్ సార్" అన్నాడు, తడుముకోకుండా.

అవతలి గొంతు కాస్త మెత్తబడి, సరే రమ్మంది.