పులి-మేక సర్వర్లు, బాపు బిళ్ళల బోర్డు

2023, మే నెల. గోదావరిఖనిల ఎండ ఎట్లుంటదో తెలిసినోళ్ళకు చెప్పేది లేదు, తెలియనోళ్ళకు చెప్పినా నమ్మరు. మా ముందటి అర్రల కూలర్ పక్కన ఒక టేబుల్, దాని మీద ల్యాప్‌టాప్. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికల్ల మల్ల నల్లటి దుమ్ము. గదే నా ఆఫీసు.

నా పనేందో ముందుగాల చెప్పాలె, మా వాడకట్టుల సగం మంది ఇప్పటికీ నేను టైపింగు చేస్తననే అనుకుంటరు. ఫోన్ల నలుగురు కలిసి ఆడే ఆటలుంటయి గదా. నలుగురు నాలుగు ఊర్లల్ల ఉన్నా ఆట మాత్రం ఒక్క కాడనే నడవాలె. గా ఒక్క కాడనే గేమ్ సర్వర్. ఆడేటోళ్ళు మస్తుమంది అయితే సర్వర్లు కూడ గుంపుగ కావాలె. గా గుంపును ఫ్లీట్ అంటం. అవి మన ఇంట్ల ఉండయి, క్లౌడ్ కంపెనీ దగ్గర కిరాయికి తీసుకుంటం. జనం వస్తే సర్వర్లు వాటంతటవే పెరగాలె, జనం పోతే తగ్గాలె. దీన్ని ఆటోస్కేలింగ్ అంటరు. ఎప్పుడు పెంచాలె, ఎప్పుడు తగ్గించాలె అన్న రూల్స్ రాసుడే నా కొలువు. ఇంట్ల కూసోనే చేస్త.

గా ఎండకాలం నాకు అన్విత అనే పిల్ల పని ఇచ్చింది. హైదరాబాద్‌ల ముగ్గురు కలిసి పెట్టుకున్న చిన్న కంపెనీ వాళ్ళది. మనోళ్ళు బండల మీద గీతలు గీసి ఆడే పులి-మేక ఆటను ఫోన్ల ఆడేటట్టు చేసిండ్రు. మూడు పులులు, పదిహేను మేకలు. ఒక్కో ఎత్తుకు ఆలోచించుకోవడానికి అయిదు నిమిషాల టైం. "మంచి ఉద్యోగం వదిలేసి దీని మీద పడ్డాను అక్కా" అన్నది మొదటి ఫోన్లనే. ఆ మాట నాకు గుర్తుండిపోయింది.

పని జల్దిగ అయిపోయింది. నేను అంతకుముందు తుపాకుల ఆటల సర్వర్లు మస్తు పెట్టిన. గా రూల్స్ ఫైలే తెచ్చి, పేర్లు మార్చి పెట్టేసిన. ఒక సర్వర్ మీద పది నిమిషాలు పని భారం, అంటే సీపీయూ వాడకం, బాగ తక్కువుంటే అది ఖాళీగ ఉన్నట్టు. ఖాళీగ ఉన్నదానికి కిరాయి దండుగ, కాబట్టి తీసెయ్యాలె. తుపాకుల ఆటల గీ రూల్ ఏనాడు నన్ను ఇబ్బంది పెట్టలె.

పదిహేను రోజులకు తిప్పలు మొదలైనయి. ఆట నడుస్తుండంగనే మధ్యల తెగిపోతున్నది. అందరికి కాదు, రోజుకు నాలుగో అయిదో ఆటలు. అవి కూడ గెలుపు ఓటముల అంచుకొచ్చిన పెద్ద ఆటలే. ఆడేటోళ్ళు తిట్టుకుంట పోతున్నరు. అన్విత ఫోన్ చేసింది, నేను లాగ్స్ చూసిన. లాగ్స్ అంటే సర్వర్ తన పని తాను రాసుకునే దినచర్య. దాంట్ల కూలిపోయినట్టు ఎక్కడ లేదు. మామూలుగనే ఆగిపోయిందని రాసున్నది.

"మీ ఆటనే తనంతట తాను బంద్ చేసుకుంటున్నది. మీ కోడ్‌ల బగ్ ఉన్నది, వెతుక్కోండ్రి" అని చెప్పిన. ఎంత ధీమాగ చెప్పిననో! తలుసుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తది.

వారం వెతికిండ్రు పాపం. దొరకలె. దొరకడానికి ఉంటే గదా. గురువారం పొద్దున అన్విత మల్ల చేసింది. "అక్కా, ఆదివారం టోర్నమెంట్ పెట్టాం. మాకు వెనక నిలబడి డబ్బు పెట్టిన ఆయన చూస్తాడు. అది కూడా ఇలాగే తెగిపోతే ఇక ఆపేద్దాం అన్నాడు. ఆట మూసేయడమే." ఏడుస్తలేదు గని ఏడుపును పట్టుకోనున్నదని తెలుస్తున్నది. నేను "చూస్త" అన్న. ఏం చూడాలెనో నాకే తెల్వదు.

గా రోజు మధ్యాహ్నం బువ్వ తిన్నంక మా బాపు కుర్చీల కూసోని ఫోన్ పట్టుకున్నడు. మా బాపు బొగ్గు బాయిల, అంటే గనిల, దీపాలిచ్చే లాంప్ రూంల పనిచేసి రిటైర్ అయిండు. యోహాను కాక అంటే పాత కార్మికులందరికి ఎరుకే. నేనే ఆయన ఫోన్ల గా ఆట ఎక్కించిన, 'లాంప్‌రూం' అని పేరు పెట్టుకున్నడు. ఆదివారం చర్చి, మిగిలిన దినాలు పులి-మేక.

ఉన్నట్టుండి కుర్చీలకెల్లి లేసిండు. "ఏందే గిది! మల్ల తీసేసిండ్రు!"

"నెట్ పోయిందేమో బాపు."

"నెట్ కాదు, గిట్ కాదు. మేమిద్దరమే మిగిలినం. వాడు పులిని ఇరికించనీకె ఆలోచిస్తుండు, నేను పులిని తప్పియ్యనీకె ఆలోచిస్తున్న. ఎవలం ఏం కదిలియ్యలె. గంతల్నే బంద్ అయింది. ఆలోచన చేసేటోన్ని లేపి ఎల్లగొడతరా?"

నేను చాయ గిలాస కింద పెట్టిన. తుపాకుల ఆటల మనిషి ఒక్క నిమిషం ఊకుండడు. ఉరుకుతడు, దుంకుతడు, కాలుస్తడు. సర్వర్‌కు ఊపిరాడనియ్యడు. పులి-మేకల అట్ల కాదు. ఆట ముదిరినకొద్ది మనుషులు గమ్మున కూసుంటరు. జనం తగ్గినప్పుడు ఒక సర్వర్ మీద నలుగురైదుగురే మిగిలి, అందరు తలకాయ పట్టుకోని ఆలోచిస్తుంటే సీపీయూ పడిపోతది. నా రూల్ దాన్ని ఖాళీ అనుకుంటది. మంచి ఆటగాళ్ళనే, మంచి ఆట మీదున్నప్పుడే, నేనే తీసి పారేస్తున్న. మామూలుగ ఆగిపోయిందని లాగ్స్ నిజమే చెప్పినయి. ఆపింది నేను.

బాపుకు గీ సంగతి చెప్పిన. ఆయన నా దిక్కు చూసిన చూపు చిన్నప్పుడు లెక్కల్ల తక్కువ మార్కులొస్తే చూసిన చూపే.

"సప్పుడు లేకుంటే మనుషులు లేరని ఎవలు చెప్పిండ్రు బిడ్డా నీకు? మేము గట్ల చేసి ఉంటే ఎంతమంది లోపలనే ఉండిపోదురో! లాంప్ రూంల ఏం చేసేటోళ్ళం? దిగేటోడు తన నంబర్ బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటడు. బిళ్ళ బోర్డుకు తగిలిస్తం. ఎక్కొచ్చి దీపం ఇస్తే బిళ్ళ వాపస్. బోర్డు మీద ఒక్క బిళ్ళ ఉన్నా లోపల మనిషి ఉన్నట్టే. సప్పుడుతోని పనిలే."

"ఎప్పుడన్న తప్పు పోలేదా?"

"పోయింది. ఒకనాడు మొదటి షిఫ్టు అయిపోయినంక ఒక్క బిళ్ళ మిగిలింది. రాజమల్లు అనేటోనిది. లోపల ఎవలు లేరని అందరు అన్నరు. నేను లాంప్ రూం కిటికీ మూయలె, వెతకనీకె మనుషుల్ని మల్ల దింపిచ్చిన. రెండు గంటలైనంక తెలిసింది, వానికి కడుపుల నొస్తే దీపం నడుముకు కట్టుకోనే సీదా దవాఖానకు పోయిండు! అందరు నన్ను చూసి నవ్విండ్రు. నవ్వనియ్యి. బయట ఉన్నోన్ని లోపల ఉన్నడని వెతికితే రెండు గంటలు పోతయి. లోపల ఉన్నోన్ని బయటున్నడని అనుకుంటే ఏం పోతది?"

నేను ఫోన్ తీసుకోని అన్వితకు చేసిన. తప్పు ఒప్పుకునుడంటే మాటలా?

"అన్వితా, తప్పు మీ కోడ్‌ది కాదు. నాది. పాత ఫైలు తెచ్చి ఆలోచించకుంట పెట్టిన."

"వారం రోజులు మావాళ్ళు లేని బగ్ కోసం వెతికారు అక్కా."

"అవును. నువ్వు వేరేటోళ్ళను పెట్టుకున్నా నేనేం అనుకోను."

గప్పుడే ఊరి పక్కన ఓపెన్ కాస్ట్ గనిల బ్లాస్టింగ్ అయింది. కిటికీ అద్దాలు గలగలమన్నయి. "అయ్యో, ఏమైంది అక్కా?" అని అన్విత అదిరిపడ్డది. "ఏం లేదు, బొగ్గు పేల్చిండ్రు. రోజు ఉండేదే" అన్న. ఆ పిల్ల నవ్వింది. "ఆదివారం లోపల సరిచేయండి. వేరేవాళ్ళని వెతకడానికి నాకు టైం ఎక్కడుంది?" అన్నది. అరిచినా బాగుండు అనిపించింది.

మూడు దినాలు మేము నలుగురం అదే పని మీదున్నం. వాళ్ళు ఆటల ఒక లెక్క పెట్టిండ్రు. ప్రతి సర్వర్ తన మీద ఎంతమంది ఉన్నరో తానే చెప్పాలె. ఆడేటోళ్ళనే కాదు, ఉత్తగ చూస్తున్నోళ్ళను కూడ లెక్కపెట్టాలెనని నేను పట్టుబట్టిన. సీపీయూ రూల్ తీసి అవతల పారేసిన. ఇప్పుడు జనం తగ్గితే సర్వర్‌ను సీదా ఆపం, ముందుగాల డ్రెయినింగ్‌ల పెడతం. అంటే కొత్తోళ్ళను రానియ్యం, ఉన్నోళ్ళను పొమ్మనం. లెక్క సున్నా అయితేనే అది బంద్ అయితది.

ఆదివారం చర్చి నుంచి సీదా వచ్చి, మంచి చీర కూడ మార్చుకోకుంట కూసున్న. రెండింటికి టోర్నమెంట్ మొదలైంది. జనం ఎక్కుతుంటే సర్వర్లు పెరిగినయి, దాని ఫికర్ నాకు లేదు. నా పాణమంతా సర్వర్లు తగ్గేకాడ ఉన్నది. మొదటి రౌండ్ ఖతం కాంగనే చాలమంది ఎల్లిపోయిండ్రు. మూడు సర్వర్లు డ్రెయినింగ్‌ల పడ్డయి. అండ్ల ఒకదాని మీద ఇద్దరే. సీపీయూ దాదాపు ఏం లేదు. పది నిమిషాలైంది. పన్నెండు అయింది. పాత రూల్ ఉంటే ఆ ఇద్దరి ఆట గంగల కలిసేది. సర్వర్ కదలలె, ఎదురుచూసింది. తర్వాత రెండు ఒకటైంది, ఒకటి సున్నా అయింది, అప్పుడు నిమ్మలంగ బంద్ అయింది. నేను కుర్చీల ఎన్కకు ఒరిగి "దేవా, స్తోత్రం" అన్న, అందరికి ఇనబడేటట్టు.

అయిదింటికి ఫైనల్ అయిపోయింది. ఒక్క ఆట తెగలె. అన్విత ఫోన్ చేసి "అక్కా... అక్కా..." అన్నది. వాళ్ళ ఎన్క నిలబడ్డ పెద్దమనిషి ఆట నడవనియ్యిమన్నడట. ఇద్దరం ఫోన్ల నవ్వినం, ఇద్దరం ఏడ్చినం కూడ. ఆ పిల్ల కష్టం నా అజాగ్రత్తతోని మట్టిల కలిసిపోతుండె. తప్పింది.

అరగంటకు మల్ల ఫోన్. "అక్కా, అందరూ వెళ్ళిపోయారు కదా. ఒక సర్వర్ ఇంకా నడుస్తోంది. ఏమైనా తప్పుందా?"

చూస్తే లెక్క ఒకటి చూపిస్తున్నది. ఎవలా అని పేరు తీసిన. 'లాంప్‌రూం.'

తలకాయ ఎత్తి చూస్తే బాపు ఎదురుంగనే ఉన్నడు. కుర్చీల, కండ్లద్దాలు ముక్కు మీదికి జారి, ఫోన్ చేతుల.

"బాపు, నువ్వు మొదటి రౌండ్‌ల్నే ఓడిపోయినవు గదా. ఇంక ఏం చేస్తున్నవు?"

"చూసేటోళ్ళల్ల కూసున్న. అందరు ఎల్లిండ్రా?"

"అందరు ఎల్లిండ్రు. నువ్వొక్కనివే ఉన్నవు."

"నేనున్నట్టు నీకు తెలిసింది గదా?"

"తెలిసింది."

"అయితే మంచిగనే పెట్టినవు" అని ఆట మూసిండు. నా స్క్రీన్ మీద ఒకటి సున్నా అయింది, ఆఖరి సర్వర్ బంద్ అయింది. బాపు లేసి చాయ పెట్టనీకె పోయిండు.

అన్వితకు "ఏం తప్పు లేదు, మా బాపు ఉండె" అని చెప్పిన. అప్పటినుంచి ఎవల ఫ్లీట్ పని వచ్చినా, పాత ఫైలు ముట్టుకునే ముందు నేను ఒక్కటే అడుగుత: లోపల ఎవలన్న ఉంటే నాకు ఎట్ల తెలుస్తది? గీ మాటకు సీదా జవాబు రానంతవరకు ఒక్క సర్వర్‌ను కూడ తీసేసే రూల్ రాయ.