గిరాకి లేని ఓడ

సిమెంటు అమ్మితే సముద్రం చూపిస్తారని నాకు పెళ్లినాడు ఎవరూ చెప్పలేదు. శబరి ఒడ్డున కొంటాలో మాది ముందు కిరాణా కొట్టు, వెనక సిమెంటు గోడౌను. అడవి లోపలి జగర్గుండా దాకా రోడ్డు పడి, దారి పొడుగునా వంతెనలు, జవాన్ల క్యాంపులు, స్కూళ్లు, సర్కారు ఆవాస్ ఇళ్లు లేచేసరికి ఆ ఏడు మా గోడౌనులో బస్తా నిలవలేదు. కంపెనీ వాళ్లు మురిసిపోయి, టార్గెట్ దాటిన డీలర్లందరికీ థాయిలాండ్ వైపు ఓడ ప్రయాణం బహుమానమన్నారు. ఓడలోనే పడక, ఓడలోనే తిండి, రోజుకో దీవి. అంతకు ముందు ఇలాంటి ప్రయాణాలకు డీలర్లు ఒక్కళ్లే వెళ్లేవారు. వెళ్లి, అక్కడున్నంతసేపూ భార్యలను తలుచుకుని కుమిలిపోయామని ఇంటికొచ్చి చెప్పేవారు. వాళ్ల బాధ చూడలేక కాబోలు, ఈసారి కంపెనీ జంటలుగానే రావాలని షరతు పెట్టింది. దాని వెనక ఏ ఇంటి ఇల్లాలి చెయ్యి ఉందో తెలియదు కానీ, ఆమెకు నా దండం.

ఆ ప్రయాణంతో నాకు ఒక పని పడింది. అదేమిటో చెప్పాలంటే ముందు మా ఇంట్లో మాటలు నడిచే తీరు చెప్పాలి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో దుకాణం వెనక గదిలో మా అత్తగారు కూర్చుని ఉండేది. పెద్దావిడ వింటుండగా మొగుడూ పెళ్లాం నేరుగా మాట్లాడుకోవడం ఆ ఇంట్లో సిగ్గుమాలిన పని. అందుకని మా ఆయన కొట్టుకొచ్చే గిరాకులను అడ్డం పెట్టుకున్నాడు. ఉప్పు కోసం వచ్చిన దోర్ల గూడెం ముసలాయనతో, "తాతా, లోపట చాయ్ అయిందా అడుగు" అనేవాడు. "అయితె నేనే తెస్త గద, అంతల్నే పానం పోతున్నదా అని అడుగు తాతా" అని నేను లోపలి నుంచి అనేదాన్ని. ముసలాయన తల అటొకసారి ఇటొకసారి తిప్పి, తన ఉప్పు తాను తీసుకుని పోయేవాడు.

అత్తగారు పోయింది. గది ఖాళీ అయింది. అలవాటు మాత్రం ఆ గదిలోనే కాళ్లు చాపుకుని కూర్చుంది. మా పోట్లాటలన్నీ తహసీల్ ఆఫీసు గుమాస్తా బాబు ఎదుట జరిగేవి, రాజీలు అంగన్‌వాడీ టీచరమ్మ ఎదుట కుదిరేవి. బీహారు నుంచి వచ్చిన జవాను ఒకడు సబ్బు కొంటుంటే, మా ఆయన అతనితో అచ్చ తెలుగులో "లోపట పప్పు మాడుతున్నది, ముక్కు పని చేస్తలేదా అని అడుగన్నా" అన్నాడు. జవాను "హాఁ జీ" అని నా వైపు చూసి తలూపాడు. నేను పోయి పొయ్యి ఆర్పాను. పని జరిగింది కదా, ఇంకేం కావాలి? షట్టరు దించాక ఆయనకు నిద్ర, నాకు టీవీ. మా కాపురాన్ని ఊరు ఊరంతా వంతులవారీగా మోసింది.

ఓడ ప్రయాణానికి కొన్నాళ్ల ముందు ఒక మధ్యాహ్నం, దోర్నాపాల్ నుంచి వచ్చిన లారీ డ్రైవరుతో మా ఆయన, "జగర్గుండల దుకాణం పెడుతున్ననే. సోమారం నుంచి శనివారం దాక నేను ఆడనే ఉంట. ఈడిది ఈమె చూసుకుంటది" అన్నాడు. నేను చక్కెర పొట్లం కడుతున్నాను. ఇక వారానికి ఒక్క ఆదివారం కనబడే మొగుడన్నమాట. ఆ ఆదివారమూ నిద్రపోతాడు. ఆరు రోజులు నేను ఒక్కదాన్నే ఆ గల్లా ముందు కూర్చోవాలి. ముందు ఏడుపు వచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండిపోయింది. డ్రైవరు మాత్రం "అచ్ఛా హై భాభీ" అని నాకే శుభాకాంక్షలు చెప్పిపోయాడు.

పోవద్దని చెప్పాలి. ఏ డ్రైవరుతోనో కాదు, ఆయనతోనే, మొహం చూసి చెప్పాలి. కొంటాలో అది కుదిరే పని కాదు, నోరు తెరిచేలోగా ఎవరో ఒకరు బీడీ కట్టకు వస్తారు. సముద్రం నడిమధ్యకు ఎవడొస్తాడు? దుకాణం మా మరిదికి అప్పగించి, ఆ ఒక్క మాటా పెట్టెలో అన్నిటికంటే పైన సర్దుకున్నట్టుగా బయల్దేరాను.

ఓడంటే మా శబరి మీద తిరిగే పడవకు పెద్దన్న అనుకున్నాను. తీరా చూస్తే అందులో లిఫ్టులున్నాయి, బజారుంది, ఈత కొలను కూడా ఉంది. చుట్టూ ఇంత సముద్రం పెట్టుకుని మళ్లీ కొలనెందుకో నాకు అర్థం కాలేదు. కంపెనీ తరఫున వచ్చిన ఆఫీసరు చాలా ఉషారు మనిషి. అందరికీ సిమెంటు బస్తా బొమ్మ ఉన్న పసుపు రంగు టీషర్టులు పంచి, ఆడవాళ్ల చేత చీరల మీదే తొడిగించాడు. "మేడం, సర్, కొంచెం దగ్గరగా, ప్రేమగా" అంటూ ఫోటో తీశాడు. మా ఆయన నాకు మూరెడు దూరంలో బ్యానరు కొస పట్టుకుని, సర్పంచి ఎన్నికల్లో ఓడిపోయినవాడిలా నిలబడ్డాడు. భోజనాల హాలుకు వెళితే బల్లల నిండా ఏవేవో వంటకాలు. అందరూ పళ్లేలు పట్టుకుని పరిగెడుతుంటే ఆయన మాత్రం బియ్యం గింజ పొడుగు చూసి, "మాల్ మంచిదే" అని తనలో తాను అనుకున్నాడు.

గదిలో మేమిద్దరమే మిగిలాం. ఒక మంచం, ఒక కిటికీ, కిటికీ నిండా నీళ్లు. నేను కొంగు సర్దుకుని గొంతు సవరించుకున్నాను. ఆయన సముద్రాన్ని కాసేపు పరీక్షగా చూసి, "వానకాలంల శబరి గూడ ఇట్లనే ఉంటది" అన్నాడు. నాతో అన్నాడో, సముద్రంతో అన్నాడో. నేను "ఊఁ" అన్నాను. అంతటితో ఇద్దరి దగ్గరా సరుకు అయిపోయింది. ఆయన చెప్పులు సర్దాడు. నేను సర్దిన చీరలే మళ్లీ సర్దాను.

అప్పుడు తలుపు తట్టి, తువాళ్లు పట్టుకుని గది సర్దే మనిషి వచ్చాడు. ఏ దేశంవాడో, నడివయసువాడు. అతన్ని చూడగానే మా ఆయన మొహం వెలిగిపోయింది. "రా అన్నా, రా" అని లేచి నిలబడి, "ఏసీ ఎక్కువైందేమో, ఆమెకు జలుబు చేస్తది, అడుగు" అన్నాడు. అతను "యెస్ సర్" అన్నాడు. నేనూ ఆగలేకపోయాను. "ఏసీ మంచిగనే ఉన్నదని చెప్పన్నా. కూరలే చప్పగున్నయి" అన్నాను. అతను మళ్లీ "యెస్ మేడం" అని, ఒక తువాలును ఏనుగులా మడిచి మంచం మీద పెట్టి, దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా ఆయన ఏదో ఒక నెపంతో అతన్ని పిలిపిస్తూనే ఉన్నాడు. గదిలో ఏనుగులు పెరిగాయి. నా మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. అన్నిటికీ అతన్ని వాడుకున్నాను గానీ, ఆ మాట అతనితో చెప్పడానికి మనసొప్పలేదు.

మొదటి దీవిలో జనం ఇసుక మీద ఎండలో పడుకుని ఉన్నారు. మా వైపు కళ్లంలో మిరపకాయలు ఎండబోస్తే మేమే తిరగేయాలి, వీళ్లు తమంతట తామే తిరగబడుతున్నారు. ఆఫీసరు మమ్మల్ని నీళ్లలో చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడవమన్నాడు, వీడియో కోసం. ఆయన నా చేతిని పట్టుకున్నాడు, త్రాసులో రాయి పెట్టినంత జాగ్రత్తగా. ఇదే అదను అనుకుని నేను నోరు తెరిచాను. అల ఒకటి వచ్చి ఆయన చెప్పును పట్టుకుపోయింది. మొగుడు నా చేతిని వదిలి చెప్పు వెంట పరిగెత్తాడు. ఆఫీసరు అదీ వీడియో తీశాడు.

రెండో దీవిలో ఒడ్డునే ఒక చిన్న కొట్టు ఉంది. గడ్డి టోపీలు, గవ్వల దండలు, కొబ్బరిబోండాలు. కొట్టు నడిపే ఆమె మాకు బోండాలు కొట్టి ఇచ్చింది గానీ చిల్లర లేదు. ఉండమని సైగ చేసి, నోటు పట్టుకుని ఎటో పోయింది. ఆమె అటు పోగానే ఇటు ఒక పెద్ద పడవ నిండా మనుషులు దిగారు. ఒకడొచ్చి టోపీ పట్టుకుని ఎంత అన్నట్టు చూశాడు. మనిషి సరుకు పట్టుకుని నిలబడితే మా ఆయన చూస్తూ ఊరుకోగలడా? బల్ల వెనక్కి వెళ్లిపోయాడు. నేనూ వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ధరలు అట్టల మీద రాసి ఉన్నాయి. అరక్షణంలో ఆయన టోపీలు దించుతున్నాడు, నేను డబ్బు డబ్బాలో వేస్తున్నాను. ఓడ ఎక్కిన తర్వాత మొదటిసారి మా ఇద్దరికీ ఊపిరాడింది.

"అవ్వా, అటు పక్కనున్నామె పొద్దటి నుంచి నీళ్లు తాగలే, ఆ బోండం తాగమని చెప్పు" అన్నాడు మా ఆయన, గవ్వలు ఏరుకుంటున్న ఒక తెల్లావిడతో. ఆమె ఒక దండ మెడలో వేసుకుని చూసుకుంది. నేను బోండం తాగాను. తాగి, టోపీ పెట్టుకుని అద్దం చూసుకుంటున్న ఒక ముసలి దొరతో, "అయ్యా, ఈయన జగర్గుండల దుకాణం పెడ్తడంట. పెండ్లాన్ని అడిగిండా అని అడుగు" అన్నాను. నేరుగా చెప్పాలని పట్టిన పట్టంతా అక్కడే గాలికి పోయింది.

దొర "నైస్" అన్నాడు.

మా ఆయన చేతిలో టోపీలు ఆగాయి. "ఏమని అడగాలె? అడిగితె ఆమెకేం ఫరక్ పడ్తదని చెప్పు" అన్నాడు దొరతో. దొర డబ్బు ఇచ్చి నడిచిపోయాడు. ఆ వెనకే పిల్లను ఎత్తుకున్న ఒకామె వచ్చింది.

"ఫరక్ ఎందుకు పడదో అడుగమ్మా" అన్నాను.

"ఎందుకేంది? నేను లేకుంటెనే ఆమెకు సుఖం. ఈయన లేకుంటె దుకాణం ఇంక మంచిగ నడుస్తదని రోజూ గిరాకులతోని చెప్తది గద. నేను వింటలేననుకున్నదా?" అన్నాడాయన. ఆ మాటలన్నీ పిల్లతల్లి మొహంలోకి చూస్తూనే అన్నాడు. ఆమె భయపడి, పట్టుకున్న దండ కూడా బల్ల మీదే వదిలేసి పోయింది.

జవాబు చెబుదామంటే ఎదుట గిరాకి కూడా లేడు. ఇంతలో కొట్టు ఆమె చిల్లరతో తిరిగొచ్చి, తన బల్ల వెనక సిమెంటు బస్తా బొమ్మల టీషర్టులతో నిలబడ్డ మమ్మల్ని చూసి నోరెళ్లబెట్టింది. డబ్బా చూసుకుని పడీపడీ నవ్వింది. మా ఇద్దరి తలలకూ చెరో టోపీ తగిలించి పంపింది. ఆఫీసరు దూరం నుంచి అదంతా ఫోటో తీసి, "సూపర్ కపుల్ మేడం మీరు" అన్నాడు.

ఓడ దాకా మమ్మల్ని తీసుకెళ్లే చిన్న పడవలో డీలర్లంతా ముందు కూర్చున్నారు. మేం చివర. ఆయనకు అటుపక్క సముద్రం, ఇటుపక్క నేను.

"అది గిరాకులతోని అన్న మాట" అన్నాను.

ఆయన ఎవరితో అంటున్నానా అని పక్కకు చూశాడు. పక్కన నీళ్లు తప్ప ఏమీ లేవు. తిరిగి నా మొహం చూశాడు.

"మరి నాతోని అన్న మాట ఏది?" అన్నాడు.

నేను వెతికాను. నిజంగానే వెతికాను. చాయ్ తాతతో చెప్పాను, కోపం బాబుతో చెప్పాను, అలక టీచరమ్మతో చెప్పాను. ఆయన జ్వరపడి లేచిన రోజు నాకు కలిగిన సంతోషాన్ని కూడా పాలవాడితోనే చెప్పాను. ఈ మనిషికని నేను అన్న మాట ఒక్కటీ దొరకలేదు. ఆయన అలా అనుకోవడంలో తప్పేముంది? నాకు ఏడుపు ఆగలేదు. సిమెంటు టీషర్టుతోనే కళ్లు తుడుచుకున్నాను.

"జగర్గుండకు పోకుండ్రి" అన్నాను. "మీరు లేకుంటె నాకు ఆ దుకాణమొద్దు, ఏమొద్దు."

ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. దాని అంచును వేళ్లతో తడిమాడు. పడవ ఓడ దగ్గరికి వచ్చేసింది. ముందున్నవాళ్లు లేచి దిగడానికి తోసుకుంటున్నారు.

"ఇంకోసారి చెప్పు" అన్నాడు.

చెప్పాను.

"ఇంకోసారి."

"చెవుడా?" అని అరిచాను. పడవలోవాళ్లంతా వెనక్కి తిరిగారు. ఆఫీసరు ఫోన్ పైకెత్తాడు.

"చెవుడు లేదు" అన్నాడు మా ఆయన, వాళ్లెవరినీ చూడకుండా. "ఇన్నేండ్ల సంది పక్కోళ్లకు చెప్తుంటె విన్న. ఇది నాకే చెప్పినవు. జర విననియ్యి."

నేను మూడోసారి కూడా చెప్పాను.